మనలోని భాగాలతో మాట్లాడే థెరపీ: నల్లగొండ, పాలమూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

"ఒక మనసు పోదామంటది, ఇంకో మనసు వద్దంటది మేడమ్." కౌన్సెలింగ్‌కు వచ్చేవాళ్లలో చాలామంది ఈ మాటతోనే మొదలుపెడతారు. ఆ రెండు మనసులతో విడివిడిగా మాట్లాడే పద్ధతి సైకోథెరపీలో ఒకటి ఉంది. దాని గురించి నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలు, వాటికి నేనిచ్చే జవాబులు ఇక్కడ ఉన్నాయి. ఉదాహరణల్లోని మనుషులు ఏ ఒక్కరూ కారు. చాలామందిలో కనిపించేవి కలిపి రాశాను.

భాగాలు అంటే ఏమిటి? నాలో ఎంతమంది ఉన్నారని?

గ్రూప్స్‌కు చదువుతున్నారనుకోండి. రాత్రి పదింటికి పుస్తకం తెరుస్తారు. పావుగంటకు ఫోన్ చేతిలోకి వస్తుంది. ఒంటిగంటకు దాన్ని పక్కన పడేసి, "నువ్వు దేనికీ పనికిరావు" అని మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు. చదవాలన్నదీ మీరే, ఫోన్ పట్టుకున్నదీ మీరే, తిట్టిందీ మీరే. కానీ ముగ్గురి భయాలు వేరు, ముగ్గురూ చూసుకుంటున్న పనులు వేరు. ఒక భయం, ఒక పని, ఒక గొంతు ఉన్న అలాంటి మనసు తీరును ఇక్కడ భాగం అంటాం. ఉమ్మడి కుటుంబంలో ఒకరు లెక్కలు చూస్తారు, ఒకరు అరుస్తారు, ఒకరు మూలకు కూర్చుని మాట్లాడరు; ఇల్లు మాత్రం ఒక్కటే కదా, ఇదీ అంతే.

ఇవి స్కానింగ్‌లో కనిపించేవి కావు. మనసును అర్థం చేసుకోవడానికి పనికొచ్చే ఒక చూపు, అంతవరకే. ఎంతమంది ఉన్నారో లెక్క తేల్చాల్సిన అవసరమూ లేదు.

అంటే స్ప్లిట్ పర్సనాలిటీనా? సినిమాల్లో చూపించినట్టు?

కాదు. సినిమాల్లో చూపించేదానికి దగ్గరగా ఉండే జబ్బును డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అంటారు. అందులో ఒక స్థితిలో చేసింది ఇంకో స్థితిలో గుర్తుండకపోవచ్చు. రోజూ జరిగిన సంగతుల్లోనే ఖాళీలు వస్తాయి. చిన్నతనంలో తీవ్రమైన హింస అనుభవించినవాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. మీరు ఫోన్ చూస్తున్నప్పుడు కూడా చదువుకోవాలన్న సంగతి మీకు తెలుసు, తెలిసే బాధపడుతున్నారు. ఆ తేడా చాలా పెద్దది.

స్కిజోఫ్రెనియా ఇంకో విషయం. దానికీ రెండు వ్యక్తిత్వాలకీ సంబంధం లేదు. బయట ఎవరూ లేకున్నా చెవికి మాటలు వినబడుతుంటే, ఎవరో వెంటపడుతున్నారనే గట్టి నమ్మకం ఉంటే, ముందు సైకియాట్రిస్టును కలవాలి. ఈ పద్ధతితో మొదలుపెట్టకూడదు.

ఈ ఆలోచన ఎక్కడిది?

ఒక్కరిది కాదు. మనసులో పరస్పరం లాక్కునే శక్తులున్నాయని ఫ్రాయిడ్ 1923లో ఇడ్ (కోరికలు), ఈగో (సర్దుబాటు చేసే నేను), సూపర్ ఈగో (మంచిచెడ్డలు చెప్పే గొంతు) అని విడదీసి చెప్పాడు. స్విట్జర్లాండ్ సైకియాట్రిస్టు యూంగ్ కాంప్లెక్సుల (మనసులో ముడిపడిపోయిన భావాల) గురించి, మనం ఒప్పుకోని నీడ గురించి రాశాడు. ఇటలీ సైకియాట్రిస్టు అసాజియోలీ ఉప వ్యక్తిత్వాలన్నాడు. ఎరిక్ బెర్న్ తయారుచేసిన ట్రాన్సాక్షనల్ అనాలిసిస్‌లో పేరెంట్, అడల్ట్, చైల్డ్ అని మూడు స్థితులు ఉంటాయి. మొరీనో సైకోడ్రామాలో (సమస్యను నాటకంలా ఆడి చూసే పద్ధతిలో) వాడిన ఖాళీ కుర్చీని ఫ్రిట్జ్ పెర్ల్స్ గెస్టాల్ట్ థెరపీలోకి తెచ్చాడు: ఎదుటి కుర్చీలో మీలోని ఇంకో గొంతును కూర్చోబెట్టి దానితో మాట్లాడతారు, తర్వాత కుర్చీ మారి దాని తరఫున జవాబు చెబుతారు.

ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తున్నది ఇంటర్నల్ ఫ్యామిలీ సిస్టమ్స్, పొట్టిగా ఐఎఫ్ఎస్. అమెరికాలో ఫ్యామిలీ థెరపిస్టుగా పనిచేసిన రిచర్డ్ ష్వార్ట్జ్ 1980లలో దీన్ని మొదలుపెట్టాడు. అతిగా తిని వాంతి చేసుకునే జబ్బు ఉన్న యువతులతో పనిచేస్తుంటే, వాళ్లే "నాలో ఒక భాగం ఇట్లంటది, ఇంకోటి అట్లంటది" అని చెప్పడం మొదలుపెట్టారు. ఆయన మొదట్లో అందరు పెద్దమనుషులు చేసే పనే చేశాడు, ఆ చెడ్డ భాగాన్ని ఆపాలని చూశాడు. తనను తాను గాయపరచుకునే ఒక అమ్మాయిలోని ఆ భాగంతో గట్టిగా వాదించి, ఈ వారం చెయ్యనని మాట తీసుకున్నారు. తర్వాతి వారం ఆమె ముఖం మీద గాయంతో వచ్చింది. ఆయన ఓడిపోయానని ఒప్పుకుని, అప్పుడు ఆ భాగాన్ని "ఇట్లా ఎందుకు చేయాల్సి వస్తోంది?" అని అడిగాడు. ఎందుకో అది చెప్పింది. ఈ పద్ధతి అంతా ఆ ప్రశ్న చుట్టూ పెరిగిందే.

ఐఎఫ్ఎస్‌లో భాగాలకు ఏమేం పేర్లున్నాయి?

మూడు రకాలు చెబుతారు. ముందుగానే జాగ్రత్తపడి రోజును నడిపించేవి మేనేజర్లు: తప్పులు వెతకడం, అందరినీ మెప్పించడం, ఇల్లు అద్దంలా పెట్టుకోవడం, ఎవరినీ నమ్మకపోవడం. బాధ పైకి తన్నుకొచ్చినప్పుడు ఎట్లాగైనా సరే వెంటనే ఆర్పేయాలని దూకేవి ఫైర్‌ఫైటర్లు: తాగుడు, కోపం, ఫోన్, తిండి, అప్పుచేసి కొనడం. ఈ రెండూ కాపలా కాసేది మూడో రకమైన ఎక్సైల్స్‌కు, అంటే ఎప్పుడో సిగ్గునో భయాన్నో ఒంటరితనాన్నో మోసి, లోపల వెలివేసినట్టు ఉండిపోయిన చిన్న వయసు భాగాలకు.

వీటన్నిటికీ వెనుక దెబ్బతినని ఒక 'నేను' ఉంటుందని ష్వార్ట్జ్ అంటాడు. నెమ్మది, కుతూహలం, దయ, ధైర్యం దాని గుర్తులట. ఈ పేర్లన్నీ గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. ఒకామె తన భాగానికి "పెద్ద వదిన" అని పేరు పెట్టుకుంటే మేనేజర్ అనే మాటకంటే అదే బాగా పనిచేస్తుంది.

అసలు సెషన్‌లో ఏం జరుగుతుంది?

ఒక ఉదాహరణతో చెప్తాను, కొంచెం పొడవుగా.

మర్రిగూడ వైపు పల్లెలో పెరిగి ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి అనుకోండి. చిన్నప్పుడు తాగినవి బోరు నీళ్లు. మన దేశపు ప్రమాణాల ప్రకారం తాగే నీళ్లల్లో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటి ఫ్లోరైడ్ ఉండొద్దు. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. అంతకు మించిన నీళ్లు తాగుతూ పళ్లు తయారైన పిల్లలకు పళ్ల మీద గార మచ్చలు వస్తాయి, అవి బ్రష్ చేస్తే పోయేవి కావు. నల్లగొండ జిల్లాలో ఇది కొత్తగా చెప్పాల్సిన సంగతీ కాదు. ఆ అమ్మాయి నవ్వినప్పుడల్లా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటుంది. ఆఫీసు వీడియో మీటింగుల్లో కెమెరా ఆపేస్తుంది. ప్రమోషన్ వస్తే ప్రెజెంటేషన్లు ఇయ్యాలని, అదీ వద్దంది. వచ్చి అడిగింది కాన్ఫిడెన్స్ పెంచమని.

మాట ఇట్లా సాగుతుంది:

"చెయ్యి నోటి మీదికి పోయే ముందు లోపల ఏమైతది?"

"ఎవరో 'మూస్కో' అన్నట్టు ఉంటది మేడమ్."

"ఆ మాట ఒంట్లో ఎక్కడ తెలుస్తది?"

"గొంతుల. పట్టేసినట్టు."

"ఆ 'మూస్కో' అనేదాన్ని చూస్తే మీకేమనిపిస్తుంది?"

"కోపం. దానివల్లనే నేనిట్లున్న."

ఇక్కడ ఆగుతాం. ఎందుకంటే ఈ కోపం కూడా ఒక భాగమే, ఆ గొంతును తరిమేయాలని చూసే భాగం. కోపంతో అడిగిన ప్రశ్నకు లోపలి నుంచి జవాబు రాదు. అందుకని ముందు ఆ కోపాన్ని, "నువ్వు చెప్పేది విన్నాం, కాసేపు పక్కన ఉంటావా, దీనితో మాట్లాడి చూస్తాం" అని అడగమంటాం. ఒక్కోసారి ఒప్పుకోదు. ఆ రోజు సెషన్ అంతా కోపంతోనే గడుస్తుంది, అదీ మంచిదే. ఒప్పుకున్న రోజు ముఖం మారుతుంది, ఊపిరి కిందికి దిగుతుంది. అప్పుడు మళ్లీ అడుగుతాం: "ఆ మాట అనడం మానేస్తే ఏమైతదని దాని భయం?"

దీనికి తలతో ఆలోచించి జవాబు చెప్పొద్దని, వచ్చేదాకా ఆగమని చెప్తాం. నిమిషం, రెండు నిమిషాలు. ఆ అమ్మాయి ఏడుస్తూ చెప్పింది: "మళ్లా అందరు నవ్వుతరని."

ఆరో తరగతి, హాస్టల్, గ్రూప్ ఫొటో రోజు. ఫొటోగ్రాఫర్ అందరి ముందూ ఏదో అన్నాడు, వరుస వరుసంతా నవ్వింది. అప్పటి నుంచి 'మూస్కో' అనే భాగం ఆ పదకొండేళ్ల పిల్లను ఎవరి కంటా పడకుండా కాస్తోంది. ఇప్పుడు ఆమె వయసు 26 అని, తనకంటూ జీతం, గది ఉన్నాయని ఆ భాగానికి తెలియదు. ఇది వినడానికి వింతగా ఉంటుంది కానీ, "నీకు ఈమె వయసెంత అనిపిస్తోంది?" అని అడిగితే చాలామందిలో ఆ భాగం చెప్పే వయసు పదో పన్నెండో ఉంటుంది.

ఆ పిల్ల కనబడగానే నేరుగా ఆమె దగ్గరకు పరుగెత్తం. కాపలా ఉన్న భాగం అనుమతి ఇచ్చాకే వెళ్తాం. తర్వాతి సెషన్లలో, ఆ రోజు ఆ పిల్లకు ఎవరు ఏం చెప్పి ఉంటే బాగుండేదో అది ఇప్పటి ఆమే చెబుతుంది. థెరపిస్టు చెబితే చప్పట్లు కొట్టినట్టే ఉంటుంది, లోపలికి దిగదు. చివరికి జరిగే మార్పు చిన్నగానే కనిపిస్తుంది. చెయ్యి ఇంకా లేస్తుంది, మధ్యలో ఆగుతుంది, ఒక్కోసారి దించుతుంది. కెమెరా ఆన్ చేయాలా వద్దా అనేది ఆమె నిర్ణయం అవుతుంది.

పళ్లకు ట్రీట్‌మెంట్ చేయించుకుంటే సరిపోదా అని అడుగుతారు. చేయించుకోండి, డెంటిస్ట్ పని డెంటిస్ట్‌ది. పళ్లు తెల్లగా అయ్యాక కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లు ఉంటారు కాబట్టే ఈ పని కూడా ఉంది.

చెడ్డ భాగాన్ని తీసేయరా? నాకు కావాల్సింది అదే.

అందరికీ కావాల్సింది అదే. "ఈ కోపం పోవాలె", "ఈ భయం పోవాలె", "మా ఆయనలో ఆ తాగేటోడు పోవాలె". నేను గట్టిగా నమ్మేది ఒక్కటే: మీరు వదిలించుకోవాలని చూస్తున్న భాగమే మీ కోసం అన్నిటికంటే కష్టమైన పని చేస్తూ ఉంటుంది. అది చేసే పద్ధతి పాతబడిపోయి ఉండొచ్చు, నష్టం చేస్తుండొచ్చు. కానీ దాని భయం ఏమిటో వినకుండా పని మానమంటే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

పాలమూరు నుంచి ఒక ఉదాహరణ. అమ్మానాన్న గుంపు మేస్త్రీ (కూలీలను పనికి తీసుకుపోయే మనిషి) వెంట బొంబాయికో పుణెకో పనికి పోతే అవ్వ దగ్గర పెరిగిన పిల్లవాడు. అమ్మ ఫోన్ చేస్తే ఏడ్చేవాడు, ఏడిస్తే అవతల అమ్మ కూడా ఏడ్చేది, అవ్వ ఫోన్ లాక్కుని "తల్లిని ఏడిపిస్తవా" అని తిట్టేది. వాడు ఏడవడం మానేశాడు. ముప్పై ఐదేళ్లప్పుడు భార్య తీసుకువస్తుంది, "ఈయన రాయి మేడమ్, పిల్ల ఆసుపత్రిలో ఉన్నా ఏమీ అనడు" అని. ఆ రాయి లాంటి భాగం లేకపోతే ఆ పిల్లవాడు ఆ సంవత్సరాలు గడిపేవాడు కాదు. దాన్ని మెచ్చుకోవడంతో మొదలుపెడితే అది మాట్లాడుతుంది. "నీకు ఎమోషన్స్ లేవు" అంటే ఇంకా మూసుకుంటుంది.

అంటే చేసిందంతా సరే అని కాదు. భార్య మీద చెయ్యి చేసుకున్న మనిషి "నాలోని ఒక భాగం కొట్టింది" అంటే ఒప్పుకోం. చెయ్యి మీది, బాధ్యత మీది, కేసు పెడితే మీ మీదే. భాగం ఎందుకు అట్లా చేస్తుందో వెతుకుదాం, ముందు కొట్టడం ఆగాలి.

అమ్మానాన్నలను తప్పుపట్టాలా? మా వాళ్లు కష్టపడి పెంచారు.

చాలామందికి ఇదే పెద్ద అడ్డంకి. బొంబాయి పోయి గోడలు కట్టి డబ్బు పంపిన తండ్రిని ఏమనగలరు? ఏమీ అనక్కర్లేదు. కరువు, బోర్లు ఎండిపోవడం, అప్పు, ఇవన్నీ ఆ ఇంటి కథలో ఉన్నాయి. "నాన్న నాకోసమే పోయాడు" అనే భాగం నిజమే చెబుతోంది, "నాన్న రాలేదు" అనే భాగం కూడా నిజమే చెబుతోంది. మొదటిది రెండోదాని నోరు నొక్కుతూ ఉండటమే ఇబ్బంది. సెషన్‌లో చెప్పింది పోయి ఇంట్లో అమ్మానాన్నలతో అనాలని రూలేమీ లేదు. చాలామంది అనరు.

పూనకం, శివసత్తులు, గాలి సోకడం... ఇవన్నీ భాగాలేనా?

ఆసక్తిగా అడిగే ప్రశ్న, ఎగతాళిగా అడిగే ప్రశ్న కూడా. జాతరలో, బోనాలప్పుడు, అందరూ ఒప్పుకున్న ఆచారంలో భాగంగా వచ్చిపోయే పూనకాన్ని వైద్యశాస్త్రం జబ్బుగా లెక్కవేయదు. దాన్ని భాగం అని పేరు మార్చి చెప్పే పని థెరపిస్టుది కూడా కాదు. అమావాస్యకు చెరువుగట్టు గుడికి పోయి నిద్రచేసి వచ్చి మా దగ్గరకు వచ్చేవాళ్లున్నారు, మా దగ్గర నుంచి అటు పోయేవాళ్లూ ఉన్నారు. రెండిటికీ గొడవ పెట్టను.

అయితే ఆచారం లేని చోట, మనిషికి ఇష్టం లేకుండా, మళ్లీ మళ్లీ అట్లా అవుతూ, తర్వాత ఏమీ గుర్తులేక, పనికీ పిల్లలకూ ఇబ్బంది అవుతుంటే డాక్టరుకు చూపించాలి. మూర్ఛ కూడా అట్లాగే కనిపించొచ్చు. కొట్టడం, పొగపెట్టడం, గొలుసులతో కట్టడం చేసే చోటికి మాత్రం తీసుకుపోవద్దు. మానసిక రోగాన్ని సాకుగా చూపి మనిషిని గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

ఆ లోపలి 'నేను' అంటే ఆత్మేనా?

కొందరికి అట్లా అనిపిస్తుంది, అట్లా అనుకుంటే వాళ్లకు పని సులువవుతుంది. నమాజ్ చేసేవాళ్లు, చర్చికి పోయేవాళ్లు, ఏ దేవుడినీ నమ్మనివాళ్లు కూడా ఈ పద్ధతిలో కూర్చుంటారు. సెషన్‌కు కావాల్సింది కాసేపు నెమ్మదిగా, కుతూహలంగా ఉండగలగడం. దానికి ఏ పేరు పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఇది పనిచేస్తుందని రుజువుందా?

కొంత. డిప్రెషన్, ఆందోళన, ఓసీడీ (వద్దన్నా అవే ఆలోచనలు, అవే పనులు తిరిగి తిరిగి వచ్చే జబ్బు) లాంటివాటికి సీబీటీ అనే, ఆలోచనలను, అలవాట్లను మార్చే పద్ధతి మీద జరిగినన్ని పరిశోధనలు ఐఎఫ్ఎస్ మీద జరగలేదు. 2013లో అమెరికాలో కీళ్లవాతం రోగులతో చేసిన ఒక చిన్న ప్రయోగంలో నొప్పి, డిప్రెషన్ లక్షణాలు తగ్గినట్టు కనిపించింది. ట్రామా (పాత మానసిక గాయం) ఉన్నవాళ్ల మీద చిన్న అధ్యయనాలు కొన్ని వచ్చాయి. ఖాళీ కుర్చీ పద్ధతికి, స్కీమా థెరపీకి (చిన్నప్పుడే పాతుకున్న నమ్మకాలతో పనిచేసే పద్ధతికి) ఇంకొంచెం గట్టి ఆధారాలున్నాయి. కాబట్టి "అన్ని జబ్బులకూ ఇదే మందు" అని ఎవరైనా యూట్యూబ్‌లో చెబితే నమ్మకండి. మీ సమస్య పదే పదే వచ్చే ఓసీడీ ఆలోచనలు అయితే నేనే ముందు వేరే పద్ధతి సూచిస్తాను.

ఒక ప్రమాదం కూడా చెప్పాలి. కళ్లు మూసుకుని చిన్నప్పటి దృశ్యాల్లోకి వెళ్లినప్పుడు మనసు జరగనివి కూడా కల్పించగలదు. "చిన్నప్పుడు ఎవరో మీతో తప్పుగా ప్రవర్తించి ఉంటారు, గుర్తుతెచ్చుకోండి" అని థెరపిస్టు మీ నోట్లో మాట పెడుతుంటే లేచి వచ్చేయండి.

ఎవరు చేయకూడదు?

భ్రమలు, చెవిలో మాటలు తీవ్రంగా ఉన్నప్పుడు, మేనియాలో (నిద్ర లేకుండా అతి ఉత్సాహం, అతి కోపం ఉండే స్థితిలో) ఉన్నప్పుడు, రోజూ తాగి వచ్చే స్థితిలో, ఇంట్లో ఇప్పుడే హింస జరుగుతున్నప్పుడు లోపలికి తవ్వడం మంచిది కాదు. హింస జరిగే ఇంట్లో ఉన్న ఆమెకు ముందు కావాల్సింది భద్రమైన చోటు. మహిళల హెల్ప్‌లైన్ 181. పాత గాయాలతో పని తర్వాత.

మందులు వాడుతున్నాను. మానేయాలా?

మానొద్దు. మందు రాసిన డాక్టరుతో మాట్లాడకుండా ఒక్క గోలీ కూడా తగ్గించొద్దు. నిద్ర పట్టి, గుండెదడ తగ్గితేనే ఈ మాటలు చెప్పుకునే ఓపిక చాలామందికి వస్తుంది.

నాలో ఒక భాగానికి చావాలని ఉంది. ఇది చెప్పొచ్చా?

చెప్పాలి, మొదటి రోజే చెప్పాలి. ఎవరూ మిమ్మల్ని తిట్టరు. చట్టం కూడా ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించి చూసుకోవాలంటుంది, శిక్షించాలనదు. ఆ భాగం చాలాసార్లు చావు కంటే ఆ నొప్పి ఆగడం కోరుకుంటూ ఉంటుంది. కానీ దానితో మాట్లాడేముందు మనిషి క్షేమంగా ఉండాలి, అందుకని ఆ రోజు సెషన్ మారిపోతుంది: ఇంట్లో ఎవరికి చెప్పాలి, రాత్రి తోడు ఎవరుంటారు, చేతికి ఏమేం దొరుకుతాయి అని అడుగుతాం.

పత్తి, మిరప వేసే ఇళ్లల్లో పురుగుల మందు డబ్బా అటక మీదో, గొడ్ల కొట్టంలోనో ఉంటుంది. దాన్ని ఈ రోజే ఇంటి నుంచి తీసేసి తాళం ఉన్న చోట, వేరే మనిషి చేతిలో పెట్టించండి. ఆ ఆవేశం చాలామందిలో కొద్దిసేపే బలంగా ఉంటుంది. ఆ కొద్దిసేపు డబ్బా అందుబాటులో లేకపోవడం ప్రాణం నిలబెడుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. ఇప్పటికే ఏదైనా తాగి ఉంటే ఇంట్లో ఉప్పునీళ్లు, పసుపు నీళ్లు పట్టి వాంతి చేయించకండి. 108కి ఫోన్ చేసి, డబ్బా కూడా తీసుకుని ఆసుపత్రికి పోవాలి.

ఎవరి దగ్గరకు పోవాలి? బోర్డు పెట్టిన అందరూ సైకాలజిస్టులేనా?

కాదు. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబర్ అడగండి, చెప్పడానికి ఇబ్బంది పడేవాళ్ల దగ్గర కూర్చోవద్దు. కౌన్సెలర్ అనే మాటను మాత్రం చాలామంది రెండు రోజుల సర్టిఫికెట్ పట్టుకుని కూడా వాడుతున్నారు. ఏం చదివారు, ఎవరి పర్యవేక్షణలో పనిచేస్తున్నారు, ఈ పద్ధతిలో ఎక్కడ శిక్షణ పొందారు, ఈ మూడూ అడగండి.

నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీల ఆసుపత్రులున్నాయి, వాటిలో మానసిక వైద్య విభాగంలో చూపించుకోవచ్చు. పెద్ద సమస్య అయితే హైదరాబాద్ ఎర్రగడ్డలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ ఉంది. ఎర్రగడ్డ అనగానే మనవాళ్లు నవ్వుతారు. ఆ నవ్వు వల్ల చూపించుకోవాల్సినవాళ్లు ఏళ్లకేళ్లు ఆగిపోతున్నారు. నిజం చెప్పాలంటే, గంటసేపు కూర్చోబెట్టి భాగాలతో పనిచేసే తీరిక ప్రభుత్వ ఓపీలో దొరకడం కష్టం. జబ్బు ఏమిటో తేలడానికి, మందులకు అక్కడికి పోయి, మాటల పనికి ఇంకొకరిని చూసుకోవచ్చు.

ఎంతకాలం, ఎంత ఖర్చు?

సెషన్ 45 నుంచి 60 నిమిషాలు, సాధారణంగా వారానికి ఒకసారి. ఒక ఇబ్బంది మీద పనిచేయడానికి కొన్ని నెలలు, చిన్ననాటి గాయాలు లోతుగా ఉంటే ఏడాది దాటొచ్చు. ఫీజు ముందే అడగండి, బేరం కూడా అడగొచ్చు, సిగ్గుపడొద్దు. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు వారం వారం రాలేమంటే సీజన్ అయ్యాక మొదలుపెడదాం అనుకోవచ్చు. మొదలుపెట్టి మధ్యలో నెలన్నర మాయం కావడం కంటే అది నయం.

ఊళ్లో తెలిసిపోతుందేమో?

ఇది టెన్షన్ కాదు, వాస్తవం. క్లినిక్ మెట్లు ఎక్కుతుంటే కిందున్న జిరాక్స్ షాపు ఆయన మీ బావమరిది స్నేహితుడు అవుతాడు. చట్టప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచాల్సిందే, మీ భర్తకు, అత్తగారికి కూడా చెప్పకూడదు. ఎవరి ప్రాణానికైనా ప్రమాదం ఉన్నప్పుడు, పిల్లల మీద లైంగిక దాడి సంగతి తెలిసినప్పుడు మాత్రం చెప్పాల్సి వస్తుంది. రెండోది పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. మెట్ల దగ్గర ఎవరు చూస్తారన్నది చట్టం ఆపలేదు కాబట్టి నల్లగొండ వాళ్లు కొందరు మహబూబ్‌నగర్‌కు, అక్కడివాళ్లు ఇక్కడికి వస్తారు. ఆన్‌లైన్ సెషన్ కూడా మంచిదే, తలుపు వేసుకునే గది ఉంటే. గది లేనివాళ్లు పొలం గట్టు మీద నుంచి, ఆపి ఉంచిన కారులో నుంచి మాట్లాడతారు. ఇయర్‌ఫోన్స్ మరిచిపోకండి.

మా భాషలో మాట్లాడొచ్చా?

మాట్లాడాలి. ఆరేళ్ల వయసు భాగం పుస్తకాల తెలుగులో మాట్లాడదు. లంబాడీ, ఉర్దూ ఇంటి భాష అయినవాళ్లు ఆ మాటలోనే లోపల అడిగి, నాకు తెలుగులో చెప్పినా సరిపోతుంది.

మా ఆయన తాగుతాడు. ఆయన్ను తెచ్చి కూర్చోబెడితే చేస్తారా?

బలవంతంగా తెస్తే మీ మాట కోసం ఒకసారి కూర్చుని పోతాడు. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్, మతిభ్రమణం రావొచ్చు, కల్తీ కల్లు అలవాటున్న వాళ్లలోనూ ఇదే ప్రమాదం. కాబట్టి ముందు డాక్టరు. ఈలోపు మీరు రావొచ్చు. ఆయన సీసా లెక్కపెట్టే భాగం, పక్కింటికి తెలియకుండా నవ్వుతూ తిరిగే భాగం, ఒక్కరే ఉన్నప్పుడు ఏడ్చే భాగం మీలో ఎప్పటి నుంచో పనిచేస్తున్నాయి. వాటికీ ఎవరో ఒకరు వినాలి.

ఇంట్లో సొంతంగా చేసుకోవచ్చా?

చిన్నవాటితో చేయొచ్చు. ఒక నోటుబుక్కు తీసుకుని, ఈ రోజు మిమ్మల్ని చిరాకు పెట్టిన మీ అలవాటు ఒకటి రాయండి. దాని మీద మీకు కోపం ఉంటే ఆ కోపం చెప్పేది కూడా రాయండి, పూర్తిగా. తర్వాత ఆ అలవాటును అడగండి: నువ్వు ఈ పని మానేస్తే ఏమవుతుందని భయపడుతున్నావు? వచ్చిన జవాబును సరిదిద్దకుండా రాసి, చదివి, పుస్తకం మూసేయండి. ఊపిరి ఆడనట్టు అనిపించినా, ఒళ్లు మొద్దుబారినట్టు అనిపించినా వెంటనే ఆపి, లేచి ముఖం కడుక్కుని, ఎవరితోనైనా మామూలు మాటలు మాట్లాడండి. పెద్ద దెబ్బల జోలికి ఒంటరిగా పోవద్దు.

నచ్చకపోతే మధ్యలో మానేయొచ్చా?

ఎప్పుడైనా. కానీ ఫోన్ ఎత్తకుండా మానేయడం కంటే ఒకసారి వచ్చి "నాలో ఒక భాగానికి ఇక్కడికి రావాలని లేదు" అని చెప్పి చూడండి. థెరపిస్టు నొచ్చుకోకుండా దాని కారణం అడిగితే, మంచి చోటికే వచ్చారు. నొచ్చుకుంటే ఇంకొకరిని వెతుక్కోండి.